గట్ల మధ్య ఇటలీ: పో నది వెంట

ఇటలీకి వాయవ్య మూలన, ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గర్లో మోన్విసో పర్వతం ఉంది. ఎత్తు 3,841 మీటర్లు. దాని ఒడిలో, 2,020 మీటర్ల ఎత్తున, పియాన్ దెల్ రె అనే పచ్చిక బయలు. అక్కడ బండల సందున ఊరే సన్నటి ధార పక్కన పో నది పుట్టింది ఇక్కడేనని చెక్కిన రాయి ఒకటి నిలబెట్టారు. ఆ ధారే ఏరై, నదై 652 కిలోమీటర్లు తూర్పుకు నడిచి అడ్రియాటిక్‌లో కలుస్తుంది. ఇటలీలో ఇంతకంటే పొడవైన నది లేదు. అయినా రోమ్ గుండా పారే టైబర్‌కున్న పేరు దీనికి రాలేదు. పాలరాయి చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు బురద కంటికి ఆనదు. నాకు మాత్రం ఇటలీ చరిత్ర రోమ్‌లో కన్నా ఈ గట్ల మీదే తేటగా కనిపిస్తుంది. ప్రతి కాలంలోనూ ఎవరో ఒకరు ఈ నీటిని తమకు పనికొచ్చే వైపు తిప్పుకున్నారు. నష్టం దిగువవాళ్ళు మోశారు.

కొండ దిగిన నదికి మొదట తగిలే పెద్ద నగరం తూరిన్. సవాయ్ రాజవంశం పెంచిన ఊరు. 1861లో ఇటలీ ఏకమైనప్పుడు తొలి రాజధాని ఇదే. రాజధానిని ఫ్లోరెన్స్‌కు మారుస్తారన్న వార్త 1864లో తెలియగానే జనం వీధుల్లోకొచ్చారు, కాల్పుల్లో 50 మందికి పైగా చనిపోయారు. పోయిన రాజధాని తిరిగి రాలేదు. దాని బదులు 1899లో ఫియట్ కంపెనీ పుట్టింది.

తూరిన్ దాటగానే కివాస్సో. ఇక్కడ కాసేపు ఆగాలి. 85 కిలోమీటర్ల కావూర్ కాలువ తవ్వింది ఇక్కడి నుంచే. 1863లో మొదలుపెట్టి 1866కల్లా నీళ్ళు వదిలారు. వెర్చెల్లి, నొవారా చుట్టూ ఉన్న వరిపొలాలకు అదే ప్రాణం. ఈ ప్రాంతపు కాలువలతో మనకూ ఒక చుట్టరికం ఉంది. ఈస్టిండియా కంపెనీ ఇంజినీరు బైర్డ్ స్మిత్ పీడ్‌మాంట్, లంబార్డీ కాలువలను పరిశీలించి 1852లో ఒక నివేదిక అచ్చువేశాడు. ఆ తర్వాత కావేరి, కృష్ణా, గోదావరి ఆనకట్టల మీద రాసి 1856లో మరో పుస్తకం తెచ్చిందీ ఆయనే. గోదావరి డెల్టానూ పో మైదానాన్నీ ఒకే కన్ను కొలిచిందన్నమాట.

కాలువ ఇంజినీర్లది, చాకిరీ ఆడవాళ్ళది. ఎండాకాలం మొదట్లో పక్క జిల్లాల నుంచి వేలమంది స్త్రీలు కలుపు తీయడానికి రైళ్ళలో వచ్చేవారు. వాళ్ళను మొందీనెలు అంటారు. మోకాలి లోతు నీళ్ళలో నడుం వంచి, దోమల మధ్య, పాటలు పాడుకుంటూ నెలకు పైగా పనిచేసేవారు. రోజుకు ఎనిమిది గంటలే పని అన్న హక్కును 1906లో వెర్చెల్లి దగ్గర వాళ్ళు పోరాడి తెచ్చుకున్నారు. 1949లో వచ్చిన ‘బిట్టర్ రైస్’ సినిమా వాళ్ళను ప్రపంచానికి చూపింది. ‘బెల్లా చావ్’ పాట వాళ్ళదేనని ఊరూరా చెబుతారు. పరిశోధకులు ఒప్పుకోరు. పాట ఎవరిదైనా ఎనిమిది గంటల రోజు మాత్రం వాళ్ళదే.

పావియా దగ్గర తిచీనో వచ్చి కలిశాక పో నిజంగా పెద్ద నదవుతుంది. ఇక్కడి నుంచి రోమన్ల నేల. క్రీ.పూ. 218లో వాళ్ళు దక్షిణ గట్టున పియాచెంజా, ఎదుటి గట్టున క్రెమోనా స్థాపించారు. ఆ ఏడాది చలికాలంలోనే పియాచెంజా పక్కన త్రెబ్బియా ఏటి ఒడ్డున కార్తేజ్ సేనాని హన్నిబాల్ వాళ్ళను చావుదెబ్బ తీశాడు. అయినా ఊళ్ళు వదల్లేదు. క్రీ.పూ. 187లో రిమిని దాకా ఎమీలియన్ రోడ్డు వేశారు, దాని పక్కన భూమిని సుమారు 710 మీటర్ల చదరాలుగా కోసి సైనికులకు, రైతులకు పంచారు. ఆ గళ్ళు విమానం కిటికీలోంచి ఇవాళ్టికీ కనిపిస్తాయి. సామ్రాజ్యం పోయింది, పొలం హద్దు నిలిచింది.

క్రెమోనాను అందరూ వయొలిన్ల ఊరుగా ఎరుగుదురు. అమాతి కుటుంబం మొదలుపెట్టిన ఆ పనిని స్ట్రాడివారి 1737లో చనిపోయేదాకా చేస్తూనే ఉన్నాడు. అక్కడ పనివాళ్ళు ఇప్పటికీ చేత్తోనే చెక్క చెక్కుతున్నారు. ఆ విద్యను యునెస్కో 2012లో గుర్తించింది. అయితే ఈ పక్క ఊళ్ళను నేడు నడిపిస్తున్నది వయొలిన్ కాదు, పశువుల కొట్టం. అందులో పాలు పితికే చేతుల్లో చాలా భాగం పంజాబీ సిక్కులవి. నదికి కాస్త దక్షిణాన నొవెల్లారాలో వాళ్ళ గురుద్వారా ఉంది. ఇటలీ జున్ను అని మనం మురిసిపోయే దానిలో మనదేశపు చెమట కూడా ఉంది.

ఇంకా దిగువన బ్రెషెల్లో ఊరి చౌకులో రెండు విగ్రహాలుంటాయి, ఒకటి పాదిరీది, ఒకటి కమ్యూనిస్టు మేయర్‌ది. గ్వారెస్కి రాసిన దోన్ కమిల్లో కథల జంట. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి ఇటలీ అంతా ఆ ఇద్దరి కొట్లాటలో ఉంది. వరదొస్తే మాత్రం ఇద్దరూ ఒకే గట్టు మీద నిలబడతారు.

ఫెరారా దగ్గర నది నైజం మారుతుంది. 1152 ప్రాంతంలో ఫికరోలో వద్ద గండి పడి ప్రధాన ప్రవాహం ఉత్తరానికి జరిగింది. ఫెరారా పక్కనుండే పాయ మెల్లగా పూడిపోయింది. ఫెరారాను ఏలిన ఎస్తే ప్రభువులు కవులను పోషించి, కోటలు కట్టి ఊరికి వెలుగు తెచ్చారు గానీ నీటిని వెనక్కి పిలవలేకపోయారు. 1598లో నగరం పోపు చేతికి పోయింది.

అప్పుడు రంగంలోకి దిగింది వెనిస్. పో తెచ్చే ఒండ్రు తమ లగూన్‌ను పూడ్చేస్తుందని ఆ వర్తక రాజ్యానికి భయం. 1600 నుంచి 1604 దాకా పోర్తో విరో దగ్గర కొత్త కాలువ తవ్వి నదిని దక్షిణానికి, పోపు రాజ్యం వైపు మళ్ళించారు. పోపు మనుషులు గోల పెట్టినా వినలేదు. వెనిస్ బతికింది. నేటి డెల్టాలో చాలా భాగం ఆ మళ్ళింపు తర్వాత మేట వేసిందే. తెలివైన పనే, పక్కవాడి నెత్తిన రుద్దిన పని కూడా.

ఇరవయ్యో శతాబ్దంలో డెల్టా నేల కింద మీథేన్ వాయువు దొరికింది. గ్యాసుతో పాటు ఉప్పునీటిని తోడేసరికి నేల మీటర్ల కొద్దీ కుంగింది. 1960ల మొదట్లో ఆపారు గానీ కుంగిన నేల మళ్ళీ లేవలేదు. ఈలోగా 1951 నవంబర్ 14న ఒక్కియోబెల్లో దగ్గర గట్టు తెగి పొలేసీనె ప్రాంతం మునిగింది. వంద మంది దాకా చనిపోయారు. అందులో 84 మంది ఫ్రసినెల్లె దగ్గర నీళ్ళలో చిక్కుకున్న ఒకే లారీలో వాళ్ళు. లక్షన్నరకు పైగా జనం ఇళ్ళు విడిచారు. తిరిగి రానివాళ్ళు మిలాన్, తూరిన్ ఫ్యాక్టరీలకు చేరారు, అంటే నదికి ఎగువకు. 2022లో దీనికి తలకిందులుగా జరిగింది. కరువుకు నది ఎండి, రెండో ప్రపంచయుద్ధ కాలపు పడవ ఇసుకలోంచి బయటపడింది, సముద్రపు ఉప్పు 30 కిలోమీటర్లకు పైగా ఎదురెక్కింది.

డెల్టాలో చాలా పొలాలు ఇప్పుడు సముద్ర మట్టానికి దిగువనే ఉన్నాయి. పంపులు ఆగితే మునుగుతాయి. వెనిస్ దాకా వెళ్ళేవారు ఒక రోజు మిగుల్చుకుని ఆద్రియా చూడండి. ఎట్రుస్కన్ల కాలంలో రేవు పట్నం, సముద్రానికి తన పేరిచ్చిన ఊరు. ఒండ్రు పెరిగి ఇప్పుడు తీరానికి 20 కిలోమీటర్ల పైనే లోపల ఉంది. మ్యూజియంలో గ్రీకు కుండలు, ఎట్రుస్కన్ల బంగారు నగలు ఉంటాయి. వెనిస్‌లో ఉండే తొక్కిసలాట అక్కడ ఉండదు.