మజ్మూన్ మనది, తాళంచెవి ఎవరిది?

ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకుని, అఖ్బార్ పనిలో పడ్డవాణ్ణి నేను. రెండు జుబాన్ల మధ్య తిరగడం పాత అలవాటే. కొన్నేళ్లుగా మూడో జుబాన్ వాళ్ల పక్కన కూర్చుంటున్నాను. వాళ్లు వెబ్‌సైట్లు కట్టే డెవలపర్లు. వాళ్ల మాటల్లో సగం నాకు ఇప్పటికీ సమజ్ కావు. సమజ్ అయిన సగం మాత్రం మన ఇళ్లలో అందరికీ పనికొస్తుంది. ఎందుకంటే ఇవ్వాళ మొహల్లా బడికి సైట్ ఉంది, షాదీఖానాకు ఉంది, అబ్బాజాన్ రాసిన అఫ్సానాలు పెట్టుకున్న ఖాందాన్లూ ఉన్నాయి. నేను చూసినవాటిలో ఎక్కువ వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి.

2003 మేలో మాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు ఒక పాత సాఫ్ట్‌వేర్‌ను తీసుకుని వర్డ్‌ప్రెస్‌గా మలిచారు. ఇలాంటివాటిని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. దీని బునియాద్ ఒకటే: రాత వేరు, ముస్తాబు వేరు. రాసింది డేటాబేస్‌లో ఉంటుంది. దాని రంగూ రూపూ థీమ్ చూసుకుంటుంది. రేపు థీమ్ మార్చినా రాత చెక్కుచెదరదు.

మనకు ఇది కొత్త సంగతి. పాత ఉర్దూ రోజ్‌నామాల్లో రాతా ముస్తాబూ రెండూ కాతిబ్ చేతిలోనే ఉండేవి. 1981లో నూరీ నస్తాలీఖ్ అఖ్బార్‌కెక్కింది, తర్వాత ఇన్‌పేజ్ వచ్చింది, కాతిబ్ ఖలమ్ పక్కన పెట్టాడు. కానీ ఆ పేజీలను నెట్‌లో పెట్టాల్సివచ్చినప్పుడు చాలా అఖ్బార్లు పేజీని ఫోటోగా పెట్టాయి. చూడటానికి ఖూబ్‌సూరత్. వెతికితే మాత్రం ఒక్క లఫ్జ్ దొరకదు, చూపులేనివాళ్ల ఫోన్ చదివి వినిపించలేదు. తెలుగులో అను ఫాంట్లతో కొట్టిన పాత ఫైళ్లదీ అదే హాల్. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అది తెలుగే కాదు. అందుకే డెవలపర్ల పహలా సబఖ్: ఏది రాసినా యూనికోడ్‌లో రాయండి. ఫోటో రాతకు తోడుగా ఉండొచ్చు, రాతకు బదులు కాదు.

దూసరా సబఖ్ అక్షరాలు పాడైనప్పటిది. సైట్‌ను ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మార్చగానే తెలుగు పోయిందని ఫోన్లు వస్తాయి. ఒక డెవలపర్ పిల్ల నాకు తబీబ్ నాడి చూసినట్టు చూడటం నేర్పింది. "భాయ్, డబ్బాలు కనిపిస్తే ఫికర్ వద్దు, ఫాంట్ లేదంతే. అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గుంపు కనిపిస్తే అసలు సరుకు లోపల ఉండే ఉంటుంది, చదివే తీరు తప్పింది. అప్పుడు దాన్ని తెరిచి మళ్లీ సేవ్ చేయొద్దు. అక్షరానికో ప్రశ్నార్థకం కనిపిస్తే మాత్రం ఆ రాత పోయినట్టే. బ్యాకప్ కోసం పరుగెత్తాలి."

ఇందులోనే ఇంకో మెలిక. మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో యూటీఎఫ్8 అని పేరున్న పాత పద్ధతి ఒక్కో అక్షరానికి 3 బైట్లకు మించి ఇవ్వదు. ఉర్దూ హర్ఫ్‌కు 2 చాలు, తెలుగు అక్షరానికి 3 చాలు, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఎవరో మజ్మూన్ మధ్యలో ఒక నవ్వు బొమ్మ పెడతారు. దానికి 4 బైట్లు కావాలి. కొన్ని సర్వర్లలో ఆ బొమ్మ దగ్గర్నుంచి కింది రాతంతా కట్! 2015లో వచ్చిన 4.2 వెర్షన్‌తో వర్డ్‌ప్రెస్ 4 బైట్ల పద్ధతికి మారింది. అంతకు ముందు పుట్టిన సైట్ మీదైతే, టేబుళ్లన్నీ మారాయో లేదో ఒకసారి చూపించుకోండి.

లింకుల సంగతీ అంతే. తెలుగు శీర్షిక పెడితే వర్డ్‌ప్రెస్ దాన్నే లింకుగా మారుస్తుంది. అక్కడ ఒక్కో తెలుగు గుర్తు 9 గుర్తులవుతుంది. 'హైదరాబాద్'లో ఒత్తులూ గుణింతాలూ కలిపి 9 గుర్తులు, అంటే లింకులో 81. డేటాబేస్‌లో లింకుకు ఉన్న జగా 200. అంటే రెండు హైదరాబాద్‌లు పడతాయి, మూడోది పట్టదు. మిగతాది నరికేస్తుంది. వాట్సాప్‌లో పంపితే ఆ లింకు గజం పొడుగు శాతం గుర్తులతో భయపెడుతుంది. కాబట్టి లింకు చోట రోమన్ అక్షరాల్లో చిన్న పేరు మీరే రాయండి. అదీ పబ్లిష్ నొక్కకముందే.

వెతుకులాట గురించి డెవలపర్లు చెప్పింది వింటే మా ఉస్తాద్ గుర్తొచ్చారు. నుఖ్తా చోటు మారితే ఖుదా జుదా అయిపోతుందని ఆయన అనేవారు. కంప్యూటర్ ఆయనకంటే సఖ్త్. అరబీ కీబోర్డ్ 'కాఫ్', ఉర్దూ కీబోర్డ్ 'కాఫ్' మన కళ్లకు ఒకటే హర్ఫ్. దానికి రెండు వేర్వేరు నంబర్లు. 'యే' కూడా అంతే. ఒకటి కొట్టి ఇంకోదాంతో వెతికితే 'కితాబ్' దొరకకపోవచ్చు. తెలుగులో 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య కంటికి కనిపించని గుర్తొకటి ఉంటుంది. ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. రాసేవాళ్లంతా ఒకే కీబోర్డ్ వాడాలన్న దస్తూర్ పెట్టుకుంటే సగం ముష్కిల్ ఆసాన్.

ఇక మరమ్మతులు. వర్డ్‌ప్రెస్ అయినా ద్రుపల్ అయినా డెవలపర్లు ఒట్టేసుకున్నట్టు పాటించే ఖాయిదా: కోర్ ఫైళ్లను ముట్టుకోవద్దు. కిరాయి ఇంట్లో పర్దాలు మార్చుకోవచ్చు, గోడలు పగలగొట్టకూడదు. థీమ్‌లో మార్పు కావాలంటే చైల్డ్ థీమ్ కట్టుకోవాలి. లేకపోతే అప్‌డేట్ రాగానే చేసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ భయంతో అప్‌డేట్లే ఆపేసేవాళ్లున్నారు. అది ఇంకా పెద్ద ఖతరా. 2014 అక్టోబర్ 15న ద్రుపల్ 7లో ఒక పెద్ద రంధ్రాన్ని పూడ్చే 7.32 వచ్చింది. గంటల్లోనే దాడులు మొదలయ్యాయి. ఆ ప్రకటన తర్వాత 7 గంటల్లోపు బాగుచేసుకోని ప్రతి సైట్‌లోనూ దొంగలు పడ్డారనే అనుకోండని ద్రుపల్ భద్రతా బృందమే తర్వాత చెప్పింది. 7 గంటలంటే మనం రాత్రి పడుకుని పొద్దున లేచే వఖ్త్.

అన్నిటికంటే నా దిల్‌లో నాటుకున్న సబఖ్ ఆఖరిది. మనవాళ్లు నడిపిన చిన్న తెలుగు మాసపత్రిక ఒకటి ఉండేది. దర్జీల గురించి, బీడీలు చుట్టే ఆడవాళ్ల గురించి, దూదేకుల ఇళ్లలో మాట్లాడే తెలుగు గురించి అందులో వచ్చినవి ఇంకెక్కడా రాలేదు. కాగితం ఆగిపోయాక సైట్ మిగిలింది. ఒకరోజు అదీ పోయింది. డొమైన్ పేరు ఎవరో కుర్రాడి సొంత ఈమెయిల్ మీద ఉంది. అతను ఉద్యోగానికి దూరం వెళ్లాడు. రెన్యువల్ గుర్తు చేసే చిట్టీలన్నీ ఆ పాత ఈమెయిల్‌కే వెళ్లాయి. బ్యాకప్ ఉంది, అదే సర్వర్‌లో. ఇల్లు కాలితే కాగితాలు కాపాడటానికి పెట్టిన సందూఖ్ కూడా ఆ ఇంట్లోనే ఉందన్నమాట.

అందులో రాసిన ఒక పెద్దాయన అప్పటికే ఇంతెఖాల్ అయ్యారు. వాళ్ల అమ్మాయి నాకు ఫోన్ చేసి, "భాయ్‌జాన్, అబ్బా రాసినవి ఎక్కడా దొరకవా?" అని అడిగింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఇద్దరు డెవలపర్లు నాలుగు రాత్రులు వెతికారు. పదకొండు మజ్మూన్లు దొరికాయి. ఆయన నలభైకి పైగా రాశారు. దొరికినవి ప్రింట్ తీసి ఇచ్చాం. దొరకనివాటి శీర్షికలు ఆమె జ్ఞాపకం మీద రాసి పెట్టుకుంది.

కాబట్టి మీ బడిదో, ఖాందాన్‌దో సైట్ ఉంటే ఈ ఆదివారం ఒక గంట తీయండి. డొమైన్ ఎవరి పేరున ఉందో చూడండి. సంస్థ ఈమెయిల్ మీదకు మార్చి, పాస్‌వర్డ్‌లు కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి. బ్యాకప్‌లో డేటాబేస్‌తో పాటు ఫోటోల ఫోల్డర్ కూడా ఉందో లేదో చూసి, ఒక కాపీ సర్వర్ బయట పెట్టండి. తర్వాత ఆ బ్యాకప్‌ను వేరే చోట ఒకసారి తెరిపించండి. తెరిచి చూడని బ్యాకప్‌ను డెవలపర్లు బ్యాకప్ అనరు, ఉమ్మీద్ అంటారు. రాసినవాళ్ల అమానత్‌ను వట్టి ఉమ్మీద్ మీద వదిలేయలేం.