గోడ అవతలి మాట

మా అబ్బాకీ చాచాకీ మాటల్లేవు. దాదా పోయాక ఇల్లు పంచుకున్నారు. వాకిట్లో నడిమధ్య గోడ లేచింది. చాచా మోసగాడన్న మాట వింటూనే పెరిగాన్నేను.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' (1996) పట్టుకున్నప్పుడూ నాకో పక్షం కావాల్సొచ్చింది. స్టార్క్‌లు మనవాళ్లు, లానిస్టర్లు పగవాళ్లు అనుకున్నా. జైమీ లానిస్టర్ ఏడేళ్ల పిల్లాణ్ణి కిటికీలోంచి తోసేశాడు. వాడి మీద కసి పెంచుకున్నా.

ఆ కథలో చాలా అధ్యాయాలకు ఒక మనిషి పేరే పెడతాడు. ఆ మనిషి చూసిందే మనమూ చూస్తాం. జైమీ పేరుతో అధ్యాయం మూడో సంపుటం (2000) దాకా రాదు. రాజును చంపిన ద్రోహి అని లోకమంతా ఉమ్మేసినవాడు అక్కడ నోరు విప్పుతాడు. ఆ రాజు నగరాన్నే తగలబెట్టబోయాడట. పిల్లాణ్ణి తోసిన పాపం పోలేదు. నా కసి మాత్రం మునుపటిలా నిలవలేదు.

పుస్తకం మూశాక చాచా గుర్తొచ్చాడు. ఆయన గురించి నాకు తెలిసిందంతా గోడకు ఇటువైపు మాటే. ఆయన నోట ఒక్క ముక్కా వినలేదు.

ఈద్ రోజు అవతలి తలుపు కొట్టాను. 'కౌన్?' అన్నాడు చాచా. పేరు చెప్పాను. గొళ్లెం తీయడానికి చాలాసేపే పట్టింది.