తెట్టు తీస్తేనే సముద్రం

నవీపేట్‌లో ఇంట్లో సముద్రపు చేపలు పెంచుతున్నానంటే అందరూ ముందు అడిగేది ఒకటే. "నీళ్లు ఏడికెళ్లి తెస్తవ్ రా?" అడగడంలో తప్పు లేదు. నిజామాబాద్ నుంచి బాసర పోయే దారిలో మా ఊరు. గోదావరి దగ్గరే. కానీ ఆ గోదావరి సముద్రంలో కలవాలంటే తెలంగాణ మొత్తం దాటి అంతర్వేది దాకా పోవాలి. మా దగ్గర పేరున్నవి పసుపు పంట, శనివారం మేకల సంత. సముద్రం మాత్రం ఫోన్లోనే కనపడుతుంది.

నిజం చెప్పాలంటే నీళ్లే తేలిక. ఆర్‌వో నీళ్లలో అక్వేరియం ఉప్పు లీటరుకు దాదాపు 35 గ్రాములు కలపాలి. నా తొట్టి 200 లీటర్లు, అంటే 7 కిలోలు. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రంలో ఉండే మెగ్నీషియం, కాల్షియం లాంటివన్నీ కావాలి. ఒక పూటలో సముద్రం తయారు. దాన్ని రోజూ సముద్రంలా ఉంచడమే కష్టం. అందులో సగం బరువు మోసే డబ్బా పేరు ప్రోటీన్ స్కిమ్మర్.

నాది చిన్న సైజుది, 9,000 రూపాయలు పడింది. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పైసలకు సంతల ఓ మేక వస్తుండె" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు, అంటే ఇంకా ఎక్కువ అన్నట్టు. అది ఏం చేస్తుందో మా ఇంట్లో మొదట పట్టుకున్నది మా బాపమ్మ. పైన కప్పులో గోధుమరంగు నురగ చేరడం చూసి, "గిదేముందిరా, పప్పు మీది తెట్టు తీసినట్టే గద" అంది. నేను పది వీడియోలు చూసి నేర్చుకున్నదాన్ని ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

కొంచెం లోపలికి వెళ్దాం. చేప వదిలిన మలం, తినకుండా మిగిల్చిన మేత, దాని ఒంటి జిగురు, అన్నీ నీళ్లలో కరిగి ప్రోటీన్లు, కొవ్వులుగా తిరుగుతుంటాయి. అలాగే వదిలేస్తే బ్యాక్టీరియా వాటిని కుళ్లబెట్టి అమ్మోనియా చేస్తుంది. చేపకు అది విషం. తర్వాత ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది. మామూలు ఫిల్టర్‌లో జరిగేది ఇదే. చెత్త కుళ్లుతుంది, ఆ విషం మెల్లగా మెత్తబడుతుంది. స్కిమ్మర్ దారి వేరు. చెత్త కుళ్లకముందే దాన్ని నీళ్లలోంచి బయటికి తీసేస్తుంది.

ఎట్లా అంటే, ప్రోటీన్ అణువులో ఒక భాగానికి నీళ్లంటే ఇష్టం, ఇంకో భాగానికి అసలు పడదు. పడని భాగం గాలి వైపు తిరుగుతుంది. అందుకే బుడగ కనిపిస్తే చాలు, దాని అంచుకు అతుక్కుంటుంది. స్కిమ్మర్ మోటర్ గాలిని పీల్చి, సూదుల చక్రంతో చితక్కొట్టి సన్నటి బుడగలు చేస్తుంది. సన్నటివే ఎందుకు? ఒక సెంటీమీటర్ బుడగలో ఉన్న గాలిని ఒక మిల్లీమీటర్ బుడగలుగా విడగొడితే 1,000 వస్తాయి. గాలి అంతే, అతుక్కునే చోటు మాత్రం 10 రెట్లు. ఆ బుడగలు మెడ పైకెక్కి, నురగై, కప్పులో పడతాయి.

"మా గోల్డ్‌ఫిష్ తొట్టిలో పెట్టొచ్చా అన్నా?" అని చాలామంది తమ్ముళ్లు అడుగుతారు. పెద్దగా లాభం లేదు. మంచినీళ్లలో బుడగలు ఒకదాన్నొకటి కలుపుకొని పెద్దవైపోతాయి. ఉప్పునీళ్లలో అంత తొందరగా కలవవు. సముద్రపు ఒడ్డున అల విరిగాక తెల్లటి నురగ కాసేపు నిలవడం వెనక ఉన్నది కూడా ఇదే.

అలాగని దీన్ని మాయపెట్టె అనుకోవద్దు. అమెరికాలో కెన్ ఫెల్డ్‌మన్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ 2009లో రకరకాల స్కిమ్మర్లను కొలిచి చూశాడు. నీళ్లలో ఉన్న సేంద్రియ కార్బన్‌లో అవి తీసింది దాదాపు 20 నుంచి 30 శాతమే. మిగతాది బ్యాక్టీరియా చూసుకోవాలి, మనం నీళ్లు మార్చాలి. నేను ప్రతి ఆదివారం 20 లీటర్లు మారుస్తా. స్కిమ్మర్ ఉంది కదా అని చేపల సంఖ్య పెంచలేదు. రెండే క్లౌన్‌ఫిష్‌లు, అంతే.

ఇక బిగించడం. స్కిమ్మర్‌ను తొట్టి కింద ఉండే సంప్‌లో పెడతాం. అక్కడ నీటి మట్టం ఎంత ఉండాలో కంపెనీ చెబుతుంది, నా దానికి 18 సెంటీమీటర్లు. ఆ మట్టం రోజూ ఒక్కటే ఉండాలి. మన ఎండలకు నీళ్లు ఆవిరైతే నురగ కిందికి జారిపోతుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి పోసేది మంచినీళ్లే. కొత్తది పెట్టగానే నురగ రాలేదని కంగారు పడొద్దు. ప్లాస్టిక్‌కు అంటిన నూనె పొర పోయి, లోపల జిగురు పొర పట్టడానికి వారం పది రోజులు పడుతుంది. మొదట నురగ మట్టాన్ని కింద ఉంచి, రోజుకు కొంచెం పైకి తేవాలి. కప్పులో పడేది చాయ్‌లా పల్చగా ఉంటే మట్టం ఎక్కువైనట్టు. చిక్కగా, గోధుమరంగులో, ముక్కు మూసుకునే వాసనతో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. మెడకు పట్టిన జిడ్డును రెండు మూడు రోజులకోసారి తుడవాలి. జిడ్డు నురగను పైకి ఎక్కనివ్వదు.

నూనె కూడా అంతే. తలకు కొబ్బరినూనె రాసిన చేతితో బాపమ్మ మేత వేసిన రోజు నురగ సాయంత్రం దాకా పడుకుంటుంది. తర్వాత దానంతట అదే లేస్తుంది. అందుకే తొట్టి పక్కన ఓ చెంచా పెట్టా.

మా ఊరికే ప్రత్యేకమైన ఇంకో సంగతి ఉంది. స్కిమ్మర్‌కు గాలి పైపు ఉంటుంది కదా, దాన్ని కిటికీ బయటికి పెట్టమని చాలామంది చెబుతారు. గదిలో మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కలిస్తే పీహెచ్ పడిపోతుంది. మంచి సలహానే. కానీ జనవరి నుంచి మార్చి దాకా మా చుట్టూ పసుపు తవ్వుతారు, ఉడకబెడతారు, ఎండబెట్టి డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పడతారు. అప్పుడు లేచే దుమ్ము ఆరేసిన బట్టల మీద కూడా వాలుతుంది. ఆ మూడు నెలలు నా పైపు ఇంట్లోనే ఉంటుంది.

అసలు పరీక్ష మే నెలలో వచ్చింది. గాలిదుమారం లేచి రాత్రి 10 గంటలకు కరెంటు పోయింది. వాన నాలుగు చుక్కలు రాలి ఊరుకుంది, ఉక్కపోత మిగిలింది. స్కిమ్మర్ చెత్త తీయడమే కాదు, నీళ్లకు ఊపిరి కూడా పోస్తుంది. 26 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీళ్లు పట్టుకునేది ఆరున్నర. వేడెక్కితే ఇంకా తక్కువ. మా ఇన్వర్టర్ బ్యాటరీ పాతది. దాని మీద బాపమ్మ ఫ్యాన్ 70 వాట్లు. స్కిమ్మర్ 12, నీళ్లను పైకి పంపే మోటర్ 18, కలిపి 30. స్కిమ్మర్ ఉండేది కింద, చేపలు పైన, కాబట్టి రెండూ నడవాల్సిందే. ఫ్యాన్ గంట తిరిగితే ఇవి రెండు గంటలు తిరిగే కరెంటు పోతుంది. లెక్క తెలుసు కానీ, 78 ఏళ్ల మనిషి ఫ్యాన్ ఆపడానికి చెయ్యి రాలేదు.

నేను అటూ ఇటూ తిరగడం ఆమె చూసింది. "నాకు ఇసనకర్ర ఉన్నది. వాటికేమున్నది? బంద్ చెయ్యి" అంది.

మంచం వాకిట్లో వేసి, ఆమె పక్కనే కూర్చుని విసిరా. దోమలకు ఆ రాత్రి పండుగే. బాపు కూడా లేచొచ్చాడు. ఏమీ అనకుండా నా చేతిలోని విసనకర్ర తీసుకుని, "పోయి నీ చేపల చూసుకో" అన్నాడు. కరెంటు తెల్లారి 5 గంటలకు వచ్చింది. క్లౌన్‌ఫిష్‌లు రెండూ అద్దం దగ్గరికొచ్చి మేతకు నోళ్లు తెరిచాయి. అప్పటి నుంచి మేక మాట బాపు నోట రాలేదు.

మీకూ సముద్రపు తొట్టి ఆలోచన ఉంటే రెండు మాటలు. ఒకటి, పగడాల జోలికి, సముద్రపు గుర్రాల జోలికి పోవద్దు. గట్టి పగడాలు, సముద్రపు గుర్రాలు 2001 నుంచి మన వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులికి ఉన్నంత రక్షణ. రాళ్లు సిరామిక్‌వి చాలు, నావి అవే. క్లౌన్‌ఫిష్‌లు కూడా సముద్రంలో పట్టినవి కాకుండా, తొట్టిలో పుట్టి పెరిగినవే అడిగి తెచ్చుకోండి. రెండు, ఏదీ కొనకముందు ఒక నెలపాటు మీ ఇంట్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎంతసేపు పోతుందో కాగితం మీద రాసుకోండి. తర్వాత ఆ కాగితాన్ని ఇంట్లో వాళ్లందరికీ చూపించండి. వాళ్లు సరేనంటేనే ఉప్పు కొనండి.