మంచినీళ్ల తెగులు

మాధవమాల కొయ్య బొమ్మల మీద కథనం కావాలని సంపాదకుడు పంపారు. ఊరు ఏర్పేడు మండలంలోదే. నిలువెత్తు వెంకటేశ్వరుడు, దశావతారాలు, నెమళ్లు. ఫొటోలకు కొదవ లేదు, అందరూ ఇదివరకే రాసేసిన మాటలకూ కొదవ లేదు. నేను ఏర్పేడులోనే ఆగిపోయాను. కాళహస్తి రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఒక ఆచారి, బాత్రూములో వాష్‌బేసిన్ కూర్చోబెట్టే బల్లను బోర్లా పడేసి, స్క్రూడ్రైవరు పిడితో అంగుళం అంగుళం కొడుతూ చెవి ఒగ్గి వింటున్నాడు.

పైన మెరిసే షీటు చెక్కు చెదరలేదు. కింద మాత్రం కుళాయి చుట్టూ, గోడకు ఆనిన అంచు పొడవునా ప్లైవుడ్డు పొరలు పొరలుగా విడిపోయి నల్లబడింది. గట్టిగా ఉన్న చోట పిడి టక్కుమంటోంది, కుళ్లిన చోట దబ్బుమంటోంది. ఆ రెండు చప్పుళ్ల మధ్య పెన్సిలుతో గీత గీశాడు. కంటికి బాగున్న చోటు దాటి జానెడు దూరం పోయింది ఆ గీత.

ఈ పని ఆయన నేర్చింది దుబాయిలో, పడవల షెడ్డులో. వడ్రంగి పనికని పోతే తెరచాప పడవల లోపలి పనిలో పెట్టారట. ధనవంతులు సరదాగా తిరిగే పడవలు. అందులో పడుకోను మంచాలు, వంటకు మూల, బీరువా అంత బాత్రూము. ఆ బాత్రూము బల్లలు మార్చడమే చాలాకాలం ఆయన పని.

“సముద్రం నీళ్లకు చెడిపోయిందంటారు సామీ. ఉప్పునీళ్లకు చెక్క అంత బిన్నే చెడదు. మంచినీళ్లకే చెడతాది. నేను తీసిన ప్రతి బల్లా కుళాయి కిందే కుళ్లి ఉండాది.”

మాట నిజమే. చెక్కను తినేది నీరు కాదు, తడిలో పెరిగే బూజు. దానికి ఉప్పు సరిపడదు. చెక్క పడవల డెక్కును సముద్రపు నీళ్లతోనే కడిగే అలవాటు వెనక ఉన్న సంగతీ ఇదే. సముద్రం మధ్యలో తిరిగే పడవను లోపలి నుంచి తినేది చేతులు కడుక్కునే నీళ్లన్నమాట. ఏర్పేడులో అద్దె ఇంటి బాత్రూమును తింటున్నదీ అదే.

పడవలో ఆ బల్ల మార్చడం ఎంత తలనొప్పో ఆయన చెబుతుంటే, చేతులు ఇక్కడి బల్ల మీద ఆడుతూనే ఉన్నాయి. పడవలో నిలువు గోడ ఉండదు. బొజ్జలాగా వంపు తిరిగిన పక్కకు బల్ల అతకాలి. మూలమట్టం పెడితే ఏ మూలా నిలవదు. అందుకని సన్నటి ప్లైవుడ్డు పట్టీలను గోడ వంపుకు ఆనించి, ఒకదానికొకటి జిగురుతో అతికించి, ముందు ఉత్తుత్తి బల్ల ఒకటి తయారు చేసుకోవాలి. దాన్ని బయటికి తెచ్చి అసలు చెక్క మీద పరిచి గీసుకోవాలి. కొలతలు రాసుకుంటే తప్పుతాయి, ఆకారమే తెచ్చుకోవాలి. ఇంకొక చిక్కు ఉంది. చాలా పడవల్లో లోపలి సామానంతా బిగించాకే పైన డెక్కు మూస్తారు. పాత బల్ల లోపలికి పోయిన దారి ఇప్పుడు లేదు. కోసి ముక్కలుగా తీయాల్సిందే. కొత్తది తలుపులో పడుతుందా, మెట్ల మలుపు తిరుగుతుందా అన్నది చెక్క కోయకముందే తేల్చుకోవాలి. గాలికి పడవ ఒరిగి గంటల తరబడి అట్లాగే పోతుంది కాబట్టి, సబ్బు జారి పడకుండా అంచుకు చిన్న కట్ట ఉంటుంది. ఆ కట్ట వెనకే నీళ్లు నిలుస్తాయి. మూలలో సందు వదలకపోతే మళ్లీ అదే కథ.

అంతలో ఆ బల్ల తెచ్చిన ఇంటాయన వచ్చాడు. “ఏం ఆచారీ, చిత్తూరోళ్లం మనం, బండకు కరువా? బండే ఏసెయ్ గూడదా?”

“బండ అయితే నా దగ్గరికి ఎందుకు తెస్తివి? చెక్క కనబడాలని మీ ఇంట్లో అమ్మ చెప్పె గదా” అన్నాడు ఆచారి తల ఎత్తకుండా. ఆయన వెళ్లాక నాతో అన్నాడు, ఇంటికి బండే మేలని. పడవలో ఆ వీలు లేదు. 20 మిల్లీమీటర్ల గ్రానైటు చదరపు మీటరు 54 కిలోల దాకా తూగుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు అంతకంటే చాలా తక్కువే. పడవలో ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది.

ఇప్పుడు ప్లైవుడ్డు సంగతి. అంగట్లో అడిగితే మెరైన్ ప్లై అంటారు, ఐఎస్ 710 అన్న ముద్ర చూపిస్తారు. 72 గంటలు నీళ్లలో ఉడికించినా పొరలు ఊడకూడదన్నది ఆ ముద్ర వెనక ఉన్న పరీక్ష. జిగురు మంచిదే. కానీ రంపం పెట్టి కోసిన అంచును, కుళాయికి పెట్టిన బెజ్జాన్ని పచ్చిగా వదిలేస్తే, అక్కడ తెరుచుకున్న చెక్క నాళాలు నీళ్లు తాగుతాయి. ముద్ర వేసిన వాడు ఆ బెజ్జం పెట్టలేదు కదా. పెట్టింది ప్లంబరు. పెట్టి, చుట్టూ ఇంత సిలికాన్ పూసి, డబ్బులు తీసుకుని పోయాడు.

ఆచారి బెజ్జం పెట్టే తీరు వేరు. కొత్తగా వేసిన చెక్కకు కావలసిన దానికంటే పెద్ద బెజ్జం పెట్టాడు. కింద టేపు అంటించి, దాన్నిండా చిక్కటి ఎపాక్సీ జిగురు నింపాడు. అది రాయిలా గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు బెజ్జం పెడతాడట. అప్పుడు కుళాయి దగ్గర నీళ్లు కారినా తగిలేది ఎపాక్సీకే, చెక్కకు కాదు. అంచులకు పలచటి ఎపాక్సీని కుంచెతో పూశాడు. చూస్తుండగానే అంచు దాన్ని పీల్చేసుకుని మళ్లీ పొడిబారింది. మళ్లీ పూశాడు. మెరుపు నిలిచేదాకా పూయాలి, అది ఎన్ని పూతలన్నది చెక్క చెప్పాలంటాడు. ఇక బేసిన్ బిగించేటప్పుడు మరలు ఒక్కసారిగా బిగించడు. సగం బిగించి, సిలికాన్ గట్టిపడనిచ్చి, మర్నాడు పూర్తిగా బిగిస్తాడు. మొదటే బిగిస్తే సిలికానంతా పక్కలకు వచ్చేస్తుంది, అడుగున ఏమీ మిగలదు.

ఇందులో ఒక్కటీ పెద్ద విద్య కాదు. ఓపిక ఉంటే నెల రోజుల్లో ఎవరికైనా పట్టుబడుతుంది. అదే నాకు మండిపోయేది. ఐఐటీ, ఐసర్ వచ్చాక ఏర్పేడు చుట్టూ అద్దె ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. ప్రతి ఇంట్లో ఇట్లాంటి బల్ల ఉంది, ప్రతి బల్లకూ పచ్చి బెజ్జం ఉంది. ఆ పని తెలిసిన చెయ్యి చుట్టుపక్కల నాకు ఒక్కటే కనబడింది. చెక్కిన దేవుడికి లేపాక్షి షోరూములో చోటుంది, బహుమతులున్నాయి, నాలాంటి వాళ్లు రాసే కథనాలున్నాయి. ఉండాలి కూడా. కానీ చెడిపోయిన దాన్ని మళ్లీ చెడకుండా నిలబెట్టే పనికి మన దగ్గర మర్యాద లేదు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి ఉన్నాడు, పడవలు చేసేవాడూ ఉన్నాడు. మరమ్మతు తెలిసినవాడిగా ఈయన ఏ గడిలోకి వస్తాడో ఆ జాబితా చదివి చెప్పడం కష్టం.

మరమ్మతుకు మన కథనాల్లోనూ చోటు లేదు. 2017 సెప్టెంబరులో ఆరుగురు నావికాదళ మహిళలు తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో గోవా నుంచి భూమి చుట్టి రావడానికి బయల్దేరారు. హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి అందులో ఉన్నారు. 2018 మే 21న తిరిగొచ్చారు. దారిలో చుక్కాని నడిపే ఏర్పాటు మొరాయించి మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. మన పత్రికలు అలల ఎత్తు రాశాయి, గాలి వేగం రాశాయి. అన్నాళ్లూ ఆ పడవలో ఏవేవి చెడ్డాయి, ఎవరు ఎట్లా బాగుచేశారు అన్నది చదవాలని నాకు కోరిక. నడిసముద్రంలో ప్లంబరును పిలిచే దారి లేదు మరి.

సాయంత్రం ఇంటాయన ఫోను చేశాడు. ఈ రాత్రికే బిగించాలట. ఇంటికి చుట్టాలు వస్తున్నారు. తిరుపతిలో రెడీమేడ్ బల్ల ఇంతకంటే తక్కువకే వస్తుందని కూడా వినిపించాడు.

“తక్కువకే వస్తాది నాయనా, తెచ్చుకో. రెండేండ్లకు దాన్నీ నాకాడికే తెస్తావు. అప్పుడు రెండు బల్లల కూలి అవుతాది. ఇది మాత్రం ఎల్లుండికి గానీ ఆరదు.”

అవతల ఏదో గొణుగుడు. ఆచారి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బేరం ఎటూ తేలకుండానే, ఇంకో పూతకు ఎపాక్సీ కలపడం మొదలుపెట్టాడు.