పరదేశపు కోడలు

గడచిన వేసవిలో మా మరిది సింగపూరునుండి నౌపడకు వచ్చి, రాత్రి భోజనములైన పిదప తల్లి యెదుట కూర్చుండి, తాను ఫిలిప్పీన్సు దేశపు కన్యను వివాహమాడ నిశ్చయించుకొంటినని చెప్పెను. ఏటికి కొన్ని నెలలైనను ఆమెతో గూడ ఈ యింట నుండవలెనని అతని కోరిక. మా అత్తగారు కులము నడుగలేదు, మతము నడుగలేదు. "ఆ పిల్లను మన దేశంలో ఎన్నాళ్లు ఉండనిస్తారు నాయనా?" అని మాత్ర మడిగిరి. మరిది తెల్లబోయెను. మా వారు బడిపంతులయ్యును బదులు తోచక యూరకుండిరి. ఆ ప్రశ్న యెక్కడనుండి పుట్టినదో నేనెరుగుదును.

మా అత్తగారి పెదతండ్రి యౌవనమున రంగూనులో బియ్యపు మిల్లునందు పనిచేసెను. ఆ దినములలో బారువ, కళింగపట్నము రేవులనుండి పొగయోడలు రంగూనునకు పోవుచుండెడివి. మావైపువారు ఆ పట్టణమును 'రంగం' అనెడివారు. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైబడియుండిరి. వారిలో స్త్రీలు స్వల్పము. కావున అనేకులు అచ్చటి స్త్రీలతో కాపురములు పెట్టిరి. ఆయనయు నట్లే చేసెను.

1937లో బర్మా భారతదేశమునుండి వేరుపడెను. 1941లో ఉభయ ప్రభుత్వములును వలసలనుగూర్చి ఒడంబడిక చేసికొనినవి. కొత్తగా పోవు భారతీయుడు బర్మా స్త్రీని పెండ్లాడినను, ఆమెతో సహజీవనము చేసినను, అతని అనుమతిపత్రమును రద్దుపరచుటకు అందు వీలుండెను. గాంధీమహాత్ముడు ఆ యొడంబడికను ఖండించెను. అది యమలులో స్థిరపడకమునుపే యుద్ధము వచ్చి, 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడినవి. పెదతండ్రి అడవులవెంట నడచి 1942లో ఇల్లు చేరెను. నిండు చూలాలగు భార్య నడువజాలక పుట్టింట నిలిచిపోయెను.

యుద్ధము ముగిసిన పిమ్మట ఆయన మరల పోదలచెను. కాని 1947లో బర్మా చేసిన శాసనము ప్రకారము, వీసాతో గూడిన పాస్‌పోర్టు గాని అనుమతిపత్రము గాని లేనిదే లోనికి రానీయరు. తనకచ్చట ఇల్లాలు కలదని చూపుటకు ఆయనయొద్ద ఒక్క కాగితమును లేదు. వారి పెండ్లి యెచ్చటను వ్రాయబడలేదు. 1964లో అచ్చటి ప్రభుత్వము వర్తకమును స్వాధీనపరచుకొన్నపుడు మనవారు వేలకొలది తిరిగివచ్చి, విశాఖపట్నములోని బర్మా క్యాంపు వంటి తావుల నిలువనీడ యేర్పరచుకొనిరి. ఆయన అచ్చటికి పోయి, తన భార్యను, కంటితో చూడని బిడ్డను ఎవరైన నెరుగుదురా యని గుడిసె గుడిసెకును విచారించెనట. అపుడు ఆయన వ్రేలు పట్టుకొని నడచిన ఏడేండ్ల పిల్లయే నేటి మా అత్తగారు.

మా తండ్రిగారు నాకు బాల్యమున భారతమును, పిదప శాకుంతలమును చెప్పిరి. కాళిదాసు నాయికకు ఉంగరమొక్కటి గుర్తు. అది నీట జారినంతనే ఆమె సభలో పరాయిదైనది. నన్నయగారి శకుంతలకు ఉంగరము లేదు, ఆకాశవాణి పలికి కాపాడెను. మన కాలమున ఆకాశవాణి పలుకదు గనుక ఉంగరమే శరణ్యము. నేటి యుంగరము కాగితము.

అందుచే ఆ మరునాటినుండి మా వారును నేనును విచారించి తెలిసికొన్న సంగతులను, మీ యిండ్లలో నక్కరపడునేమోయని వ్రాయుచున్నాను.

సందర్శకుల ఈ-వీసాపై ఆ దేశపువారు సాధారణముగా ఒక్క రాకకు 90 దినములకు మించి యుండరాదు. భారతీయుని భార్యకు 'ఎక్స్' అను ప్రవేశ వీసా కలదు. దానిని సాధారణముగా ఐదేండ్లవరకు ఇత్తురు. దానిపై ఉద్యోగము చేయరాదు. 180 దినములకు మించిన వీసాతో వచ్చినవారు 14 దినములలో విదేశీయుల నమోదు కార్యాలయమున పేరు వ్రాయించుకొనవలెను. విదేశీయులు మన యింట బసచేసినపుడు 24 గంటలలో ఆ సంగతి అధికారులకు తెలుపుట ఇంటివారి విధి.

పెండ్లి రిజిస్టరై, దరఖాస్తునకు ముందు రెండేండ్లు ఎడతెగక నిలిచిన పిమ్మట ఓ.సి.ఐ. కార్డు కోరవచ్చును. అది జీవితాంతము రాకపోకలకు చెల్లును. కాని వోటుండదు, మన ఉద్దానమున జీడితోట కొన వీలుండదు. పెండ్లి రద్దయినచో కార్డును రద్దగును. ఏడేండ్లు ఇచ్చట నివసించినవారు 1955 శాసనము ప్రకారము పౌరసత్వమునే కోరవచ్చును. అపుడు స్వదేశపు పౌరసత్వమును వదలుకొనవలెను.

పెండ్లి లేని సహవాసమునకు మన దేశమున ఇట్టి వీసా యేదియు లేదు. ఆస్ట్రేలియా వంటి చోట్ల సాధారణముగా ఏడాది కలిసి కాపురమున్నట్లు రుజువున్నచో దంపతులవలెనే యెంతురు. మరిదికి 1954 నాటి ప్రత్యేక వివాహ శాసనము ప్రకారము ఇచ్చట 30 దినముల నోటీసుపై పెండ్లాడుటయో, 1969 నాటి విదేశ వివాహ శాసనము ప్రకారము అచ్చటి మన రాయబార కార్యాలయమున పెండ్లాడుటయో, రెండు మార్గములును కలవు.

సోదరీమణులారా, మన పిల్లలు పరదేశమునకు కాపురమునకు పోవునపుడును ఇదియే మాట. అమెరికాలో హెచ్-4 వీసా భర్త వీసా నాశ్రయించి యుండును. అతని హోదా పోయినచో ఆమెదియు పోవును. కావున పాస్‌పోర్టు భర్త పెట్టెలో గాక తనయొద్దనే యుంచుకొనవలెను. గడువు తేదీలు తనకు కంఠస్థమై యుండవలెను. నమ్మకము లేమిచే కాదు. ఆపద్దినమున భర్త యెంత మంచివాడైనను ప్రక్కన నుండకపోవచ్చును. పెదతండ్రిగారు చెడ్డవారు కారు.

మొన్న అత్తగారు అటకమీది రేకుపెట్టెను దింపించిరి. అది రంగూనునుండి ఆయన నెత్తిన మోసికొని వచ్చినది. అందలి పాతగుడ్డలు తీసి, తుడిచి, నా చేతికిచ్చి, "ఆ పిల్ల వచ్చినప్పుడు ఇది ఇవ్వమ్మా. కాగితాలు దాచుకుంటుంది. తాళం మాత్రం దాని చేతికే ఇయ్యి" అనిరి.

తాళపుచెవి నా బీరువాలో నున్నది. ఆమె రాకకై యెదురుచూచుచున్నాము.