చీల్చని గుండె

ప్రొద్దుటూరులో ఎర్రకారం దోసె తింటుంటే ఎదుటి గోడమీద క్యాలెండర్‌లో హనుమంతుడు గుండె చీల్చి సీతారాముల్ని చూపిస్తున్నాడు. మనిషికి లోపల ఒకటి, బయట ఒకటి ఉంటాయని మన ఇళ్లలో బొమ్మగా చూపించింది ఈయనే. లోపలిది కనబడాలంటే మాత్రం ఒళ్లు చీరుకోవాల్సిందే.

నా ఫోన్‌లో ఇంకో హనుమంతుడున్నాడు, రమేష్ గొర్జాల వేసినవాడు. శ్రీకాళహస్తి కలంకారీ కుటుంబంలో పుట్టి, హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివిన చిత్రకారుడాయన. దేవుడి ఆకారాన్ని పెద్దగా నిలబెట్టి, ఒళ్లంతా చిన్న చిన్న పురాణ ఘట్టాలతో నింపేస్తాడు. దూరం నుంచి చూస్తే ఒక్కడే. దగ్గరికెళ్తే భుజంమీదో కథ, తొడమీదో కథ. చీల్చడానికేమీ మిగలలేదు, లోపలిదంతా చర్మంమీదికే వచ్చేసింది. క్యాలెండర్ కంటే ఇదే నాకు నిజమనిపిస్తుంది. మనం దాచుకున్నామనుకునేవన్నీ ఒంటిమీద రాసే ఉంటాయి.

దోసె తిని ప్రొద్దుటూరు నుంచి బయల్దేరి, జమ్మలమడుగులో దిగి, 15 కిలోమీటర్ల దూరంలోని గండికోటకు ఆటోలో వెళ్లాను. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన చోట రాతి పొరలు పైనుంచి కిందిదాకా బయటపడి ఉన్నాయి. అందరూ వాటికి వీపు పెట్టి సెల్ఫీలు దిగుతున్నారు, నేనూ దిగాను.

ముద్దనూరు మీదుగా పులివెందుల, అక్కణ్ణించి చీనీతోటలు దాటి వేంపల్లె, ఆపైన గండి. పాపాఘ్ని ఒడ్డున ఆంజనేయస్వామి గుడి. రాముడు ఇక్కడి బండమీద బాణం మొనతో హనుమంతుడి బొమ్మ గీశాడని, ఎడమచేతి చిటికెనవేలు మాత్రం అసంపూర్తిగా మిగిలిపోయిందని స్థలపురాణం. తర్వాత మాధ్వ యతి వ్యాసరాయలవారు ఆ గీతల్ని శిల్పంగా మలుస్తూ వేలు విడదీయబోతే నెత్తురు కారిందట, ఆయన ఉలి ఆపేశారట.

"గీతలే అనుకుంటే యెట్ల నాయనా, లోపల పానం ఉండాది గదా" అంది టెంకాయలమ్మే అవ్వ.

గొర్జాల అంతా చెప్పేస్తాడు. ఈ బొమ్మ ఒక్క వేలి దగ్గర నోరు మూసుకుంది. ఆ వేలి కథ అల్లినవాడెవడో గానీ, ఎక్కడ చెయ్యి ఆపాలో తెలిసినవాడు.

రెండు కొండల నడుమ వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉందనీ, చావు దగ్గరపడ్డవాళ్లకే కనబడుతుందనీ కూడా ఇక్కడ చెబుతారు. మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో చూశాడట, పక్కనున్నవాళ్లకు కనబడలేదట. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. నాకు కొండలే కనబడ్డాయి, సంతోషం.

శ్రావణ శనివారాల్లో గండిలో కాలు పెట్టే చోటుండదు. బొమ్మను బొమ్మగా చూడాలనుకునేవాళ్లు మామూలు రోజున వెళ్లండి, చిటికెనవేలి సంగతి అక్కడి పూజారినే అడగండి.