చెఫలూ రేవులో అమ్మ

పలెర్మోలో రైలెక్కగానే అమ్మ ఎడమవైపు కిటికీ సీటు నాన్నకు ఇచ్చేసి, కొండలు కనపడే కుడివైపుకు వెళ్ళి కూర్చుంది. అక్కణ్ణుంచి చెఫలూకు దాదాపు గంట ప్రయాణం. దారిలో రైలు చాలావరకు సముద్రాన్ని ఆనుకునే పోతుంది. పిల్లలిద్దరూ అద్దానికి ముక్కులు ఆనించి, "అమ్మమ్మా, ఇటు చూడు, ఇటు చూడు" అని పిలుస్తూనే ఉన్నారు. "చూస్తాలే నాన్నా" అంటూనే ఉంది గానీ, ఆమె అటు తిరగలేదు.

అమ్మ పుట్టింది దివిసీమలో, నాగాయలంక దగ్గరి పల్లెలో. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు 18 ఏళ్ళు. కోస్తాలో ఆ ఒక్కసారికే పదివేలమంది దాకా పోయారు. అమ్మావాళ్ళు ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క డాబా మీదకెక్కి బతికారు. తెల్లవారాక ఏం చూసిందో మాకెప్పుడూ చెప్పలేదు. పెళ్ళయి బాపట్ల వచ్చింది. అక్కణ్ణుంచి సూర్యలంక తీరం తొమ్మిది కిలోమీటర్లు. కార్తీక పౌర్ణమికి ఊరు ఊరంతా సముద్రస్నానానికి కదిలితే, అమ్మ మాత్రం పెరట్లో బావి దగ్గర తలస్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెట్టుకునేది. మమ్మల్నీ పంపేది కాదు.

అలాంటి మనిషిని తీసుకుని సిసిలీ దీవికి సముద్రం సెలవులకు వెళ్ళాలా అని నేను చాలా ఆలోచించాను. మేముండేది మ్యూనిక్‌లో. అమ్మానాన్నా మూడు నెలలకని వచ్చారు. పిల్లలేమో ఏడాదంతా సముద్రం, సముద్రం అని కలవరిస్తున్నారు. "వాళ్ళ సరదా నేనెందుకు చెడగొట్టాలే? ఒడ్డున కూచుంటాగా" అని అమ్మే తేల్చేసింది.

సెప్టెంబర్ మొదటివారం ఎంచుకున్నాం. బవేరియా బడులకు ఇంకా వేసవి సెలవులే. ఆగస్టు నడిమికి ఇటలీ దేశమంతా ఇళ్ళకు తాళాలేసి సముద్రం ఒడ్డుకు చేరుతుంది. అప్పుడు వెళితే తువ్వాలు పరిచే జాగా కూడా దొరకదు. సెప్టెంబర్ వచ్చేసరికి జనం పలచబడతారు, నీళ్ళు మాత్రం వేసవంతా కాగి వెచ్చగానే ఉంటాయి. చెఫలూ చిన్న ఊరు. రైలు దిగి పది నిమిషాలు నడిస్తే ఇసుక. నాన్న మోకాళ్ళకు అదే కావాలి.

పలెర్మో విమానాశ్రయానికి 1992లో మాఫియా చంపేసిన ఇద్దరు న్యాయమూర్తుల పేర్లు పెట్టారు, ఫల్కోనె, బొర్సెల్లీనో. నాన్న ఆ పేర్ల ముందు కాసేపు నిలబడ్డారు. అక్కడే ఇంకో సంగతి తేలింది. అందరి పెట్టెలూ వచ్చాయి, అమ్మది రాలేదు. ఆమె చీరలన్నీ అందులోనే. ఒంటిమీదున్న నేతచీర ఒక్కటే మిగిలింది.

చెఫలూలో రైలు దిగగానే కనిపించేది రోక్కా. 270 మీటర్ల బండకొండ. దాని కాళ్ళ దగ్గర ఊరు, ఊరి కాళ్ళ దగ్గర సముద్రం. గ్రీకులు ఈ చోటును కెఫలొయిదియొన్ అన్నారు. గ్రీకులో కెఫలే అంటే తల. నీళ్ళలోకి వంగి చూస్తున్న తలలాగే ఉంటుంది ఆ కొండ.

ఆ సాయంత్రం పిల్లలు ఇసుకలోకి పరిగెత్తారు. అమ్మ, నేను పాత రేవు వైపు నడిచాం. గోడలోంచి నీళ్ళలోకి దిగే రాతిమెట్లు ఉన్నాయక్కడ. అమ్మ దూరంగానే నిలబడి వాటిని చాలాసేపు చూసింది. మర్నాడు పొద్దున్నే లేచి మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళమంది.

"నిన్న ఈ మెట్టు దగ్గరే ఉన్నాయి నీళ్ళు. ఇవాళా ఇక్కడే ఉన్నాయి. ఇక్కడ పోటు రాదా?"

వస్తుంది, కానీ ఈ తీరంలో జానెడో, మరికాస్తో. మధ్యధరా సముద్రం దాదాపు చుట్టూ నేలతో మూసుకుపోయిన నీళ్ళు. పడమటి కొసన జిబ్రాల్టర్ దగ్గర, పట్టుమని పదిహేను కిలోమీటర్లు కూడా లేని సందులోంచే అట్లాంటిక్‌తో కలుస్తుంది. అంత చిన్న వాకిట్లోంచి మహాసముద్రపు పోటు లోపలికి రాలేదు. నాకు తెలిసినంతలో చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. తర్వాత రెండు పూటలా వచ్చి ఆ మెట్టు చూసుకునేది.

ఆ ఉదయమే విత్తోరియో ఎమాన్యుయేలె వీధిలో వెళుతుంటే ఇళ్ళ మధ్యలోంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. నల్లటి లావా రాతి మెట్లు వంపు తిరుగుతూ కిందికి దిగుతాయి. కింద, వంగిన కప్పు నీడలో, మధ్యయుగాల నాటి చాకిరేవు. ఇక్కడివాళ్ళు లవతోయో అంటారు. చెఫలీనో అనే ఏరు గోడలోని 22 ఇనుప నోళ్ళలోంచి దూకుతుంది. వాటిలో పదిహేను సింహం తలలు. రాతి తొట్ల మీదుగా పారి, ఆ నీళ్ళు అట్నుంచి అటే సముద్రంలో కలుస్తాయి. ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఊరి ఆడవాళ్ళు ఇక్కడే బట్టలుతికేవారు.

అమ్మ గొంతుక్కూర్చుని ఒక తొట్టి అంచున ఉన్న ఉతుకుడు రాయి మీద అరచెయ్యి ఆనించింది. "ఏటవాలుగా ఎందుకు చెక్కారో తెలుసా? మురికినీళ్ళు తొట్లోకి జారిపోతాయి, ఉతికేవాళ్ళ ఒళ్ళోకి రావు" అంది. రాతి మీద అడ్డంగా గాట్లున్నాయి. కుడివైపు గాట్లు అరిగి నున్నబడ్డాయి, ఎడమవైపువి ఇంకా వేలికి తగులుతున్నాయి. "ఎడంచేత్తో గుడ్డ పట్టుకుని కుడిచేత్తో రుద్దింది. ఎన్నాళ్ళు రుద్దిందో తల్లి!" అంది, ఎవరో ఎదురుగా ఉన్నట్టు. కొంగు తడిపి మొహం తుడుచుకుంది. నీళ్ళు చల్లగా, జివ్వుమనేలా ఉన్నాయి. ఎంతోమంది ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతున్నారు. మేం అరగంట ఉన్నాం. చెఫలూ అంటే నాకిప్పుడు ముందుగా గుర్తొచ్చేది ఆ రాయే.

ఆ మధ్యాహ్నం ఒడ్డున బట్టలమ్మే బంగ్లాదేశ్ అబ్బాయి అమ్మ చీర చూసి ఆగాడు. పలెర్మోలో బంగ్లాదేశీయులు చాలామందే ఉన్నారు. నాన్నతో హిందీలో మాట కలిపాడు. ఎక్కణ్ణుంచి వచ్చారంటే నాన్న బాపట్ల పేరు చెప్పి, బంగాళాఖాతం ఒడ్డు అన్నారు. "మాదీ అదే సముద్రం" అన్నాడా అబ్బాయి, మొహమంతా వెలిగిపోతూ. పెట్టె సంగతి విని, మూటలోంచి కాళ్ళదాకా ఉండే నీలం నూలు గౌను తీసి అమ్మకిచ్చాడు. పన్నెండు యూరోలన్నాడు. అమ్మ బేరమాడలేదు. "వాళ్ళమ్మ ఎదురుచూస్తుంటుంది" అంది.

మూడో రోజు ప్రధాన చర్చికి వెళ్ళాం. సిసిలీ నార్మన్ రాజు రెండో రోజర్ 1131లో మొదలుపెట్టించాడు. రెండు బురుజులతో కోటలా ఉంటుంది. లోపల అర్ధచంద్రాకారపు గూడంతా బంగారు మొజాయిక్, అందులో ఏసుక్రీస్తు నిలువెత్తు కన్నా పెద్దగా, నడుం దాకా కనిపిస్తాడు. కింద చెక్కిన సంవత్సరం 1148. ఆయన చేతిలో తెరిచిన పుస్తకంలో ఒక పేజీ గ్రీకు, ఒక పేజీ లాటిన్. తలెత్తితే చెక్క పైకప్పు మీద అరబ్బు పద్ధతి బొమ్మలు. రాజు వంశం ఉత్తరపు దేశానిది, మొజాయిక్ బిజాంటియం పనితనం, కప్పు అరబ్బులది. ఒకరి గుడికి ఒకరు ఇలా పనిచేసిన కాలం ఉండేదని కళ్ళారా చూస్తే నాకు నిజంగా ధైర్యంగా అనిపించింది. పలెర్మో, మోన్రెయాలె కట్టడాలతో కలిపి దీన్ని 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు.

చర్చి ఎందుకు కట్టారని అమ్మ అడిగింది. ఊళ్ళో చెప్పుకునే కథ చెప్పాను. రాజు ఓడ తుఫానులో చిక్కుకుందట. ప్రాణాలతో ఒడ్డు చేరితే, చేరినచోట గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడట. చేరింది ఈ ఒడ్డుకే.

"తీర్చుకున్నాడన్నమాట" అంది అమ్మ. బల్ల మీద కూర్చుని, క్రీస్తు బొమ్మనే చూస్తూ, చిన్న గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది. "ఆ రాత్రి మా నాయనమ్మ డాబా మెట్ల పైన కూచుని మోపిదేవి సుబ్బారాయుడికి మొక్కుకుంది. నీళ్ళు ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే కాళ్ళతో తడిమి లెక్కపెట్టింది. పైనుంచి మూడో మెట్టు దగ్గర ఆగినయ్. వచ్చే ఏడు అందరం గుండ్లు చేయించుకున్నాం."

నలభయ్యేళ్ళు దాటిన కూతురిని, మొదటిసారి వింటున్నాను. రేవు మెట్లు ఎందుకు చూస్తోందో అప్పుడర్థమైంది. నాన్న ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

ఆ సాయంత్రమే పెట్టె వచ్చింది. అయినా మర్నాడు పొద్దున అమ్మ నీలం గౌను వేసుకుని గుమ్మంలో నిలబడింది. "పద, కాళ్ళు తడుపుకుంటా" అంది.

ఏడు గంటలకు ఒడ్డున ఎవరూ లేరు. చెఫలూ ఇసుక ఎంతో దూరం మెల్లగా పల్లం దిగుతుంది, ఎక్కడా గుంట తగలదు. అల పాదాల దగ్గరకొచ్చి చిన్నగా విరుగుతోంది. మోకాళ్ళ లోతులో అమ్మ వంగి తన పాదాలు చూసుకుంది. మెట్టెలతో సహా కనిపిస్తున్నాయి. "మన సముద్రంలో చెయ్యి పెడితే చెయ్యి కనపడదు" అంది. నిజమే. కృష్ణ, గోదావరి, గంగ మోసుకొచ్చే ఒండ్రు మన నీళ్ళకు ఆ రంగిస్తుంది. ఇక్కడ పెద్ద నదులు తక్కువ. ఎండకు ఆవిరయ్యే నీళ్ళు ఎక్కువ. అందుకే ఉప్పూ ఎక్కువే. మహాసముద్రాల సగటు కిలోకు 35 గ్రాములైతే ఇక్కడ 38 దాకా ఉంటుంది. బంగాళాఖాతంలో నదుల మూలాన సగటు కన్నా తక్కువ. ఆ తేడా ఒంటికి తెలుస్తుంది, మనిషి కాస్త తేలిగ్గా తేలతాడు.

"అత్తయ్యగారూ, లోతువైపు నేనున్నాను" అని మా ఆయన అవతల నిలబడ్డాడు. నడుంలోతు వచ్చాక అమ్మను వెల్లకిలా పడుకోమన్నాను. వీపు కింద నా అరచెయ్యి. మొదట ఒళ్ళంతా బిగబట్టింది. తర్వాత మెడ వదులు చేసింది. నీళ్ళు చెవులు కప్పేశాయి. గౌను చుట్టూ పరుచుకుంది. నా చెయ్యి మీద బరువు తగ్గుతూ తగ్గుతూ, ఒక్క క్షణం పూర్తిగా లేకుండా పోయింది.

లేచాక మూడు మునకలు వేసింది. సూర్యుడు రోక్కా వెనకనుంచి రావాలి కాబట్టి ఆ ఒడ్డుకు ఎండ ఆలస్యంగా వస్తుంది. కొండ అంచు వెలిగేదాకా ఆగి, దోసిలితో నీళ్ళు వదులుతూ ఏవో పేర్లు చెప్పుకుంది. అందులో ఒక్కటీ నేనెరిగిన పేరు కాదు. ఎవరని అడగలేదు.

మిగిలిన మూడు రోజులూ పొద్దున్నే వెళ్ళాం. మిగతావి త్వరగా చెప్పేస్తాను. నేనూ మా అమ్మాయీ రోక్కా ఎక్కాం. పైన దియానా గుడి అనే పాత రాతికట్టడం ఉంది, దాన్ని మించి అక్కడి గాలి బావుంది. మాంద్రలీస్కా మ్యూజియంలో అంతొనెల్లో ద మెస్సీనా గీసిన నవ్వుమొహం మనిషి బొమ్మ కోసం జనం వస్తారు. మా బాబు మాత్రం ఆ మ్యూజియానికి పేరిచ్చిన బారన్ పోగుచేసిన వేలాది గవ్వలు, శంఖాలు వదిలి రానన్నాడు.

తిండి దగ్గర మాత్రం ఆగాలి. అమ్మ నీచు ముట్టదు. సిసిలీలో ఆమెకు ఒక్క పూట కూడా ఇబ్బంది కాలేదు. పనెల్లే అంటే శనగపిండి ఉడికించి, చల్లార్చి, పలచగా కోసి నూనెలో వేయించినవి, బన్నులో పెట్టి ఇస్తారు. కపొనాతా అంటే వేయించిన వంకాయ ముక్కలు వెనిగర్, చక్కెర, టమాటాలతో పుల్లతీపిగా వండినది. "ఇది పులుసుకూరే" అంది అమ్మ, రెండోసారి వడ్డించుకుంటూ. వంకాయను మధ్యయుగాల్లో అరబ్బులు ఇక్కడికి తెచ్చారు. దాని పుట్టిల్లు మన వైపే. ఇంత దూరం వచ్చి ఇంత గౌరవంగా బతుకుతోందని నాకెంతో సంతోషం వేసింది.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. జూన్‌లో గానీ సెప్టెంబర్‌లో గానీ వెళ్ళండి. ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకోండి. మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు, మందులేమైనా కావాలంటే పొద్దున్నే తెచ్చుకోండి. చాకిరేవుకు తప్పకుండా తీసుకెళ్ళండి. ఆ లావా రాతి మెట్లు తడిగా ఉంటాయి, జారతాయి. దిగేటప్పుడు వాళ్ళ చెయ్యి వదలకండి.